నెల నిండే ఆదివారం

సుమ చూపుడువేలును బిడ్డ ముక్కు కింద పెట్టింది. సన్నటి వెచ్చదనం తగిలింది. వేలు తీసేసింది. పొయ్యి మీద పాలు పొంగేలోపల లేచి లేచి ఇంకో మూడుసార్లు అదే పని చేసింది.

"దాన్ని నిద్రపోనీమే," అంది అత్త ఆలిస్, బడికి బయల్దేరుతూ. "అట్ల తాకతా ఉంటే ముక్కు అరిగిపోతాది. రేపు పెద్దదైనాక ముక్కు లేని పిల్లను ఎవరు చేసుకుంటారు?"

ఆలిస్ రాబర్ట్‌సన్‌పేటలోనే ఒక చిన్న బడిలో ఆయా. రోజంతా పసిపిల్లల మూతులు తుడిచి తుడిచి ఆమెకు దేనికీ గాభరా పడడం తెలియకుండా పోయింది. సుమకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు బేస్తవారం, బిడ్డకు ఇరవై ఏడో దినం. ఇంకా మూడు దినాలు గడవాలి.

రెండేళ్ళ కిందట ఆమె మొదటి బిడ్డ పందొమ్మిదో దినాన పోయింది. జ్వరం రాలేదు, దగ్గు రాలేదు. తెల్లారి పాలివ్వబోతే నోరు తెరవలేదు. అప్పటికి పేరు కూడా పెట్టలేదు. చెక్క సిలువ మీద ఏం రాయాలో తెలియక, మొగుడు ఆస్టిన్ "పాప" అని రాసి నాటి వచ్చాడు. ఆ రోజు తలా ఒక మాట చెప్పి ఓదార్చారు. పోపో మాత్రం ఒక్కటే అంది. "పేరు లేని బిడ్డ ఎవరు పిలిస్తే వాళ్ళెంబడి పోతాది." తిట్టినట్టు అనలేదు. ఓదార్చినట్టూ అనలేదు. ఆ మాట మాత్రం సుమ లోపల ముల్లులా విరిగి అక్కడే ఉండిపోయింది.

పోపో అంటే వాళ్ళలో అవ్వ. ఆస్టిన్ నాయనమ్మ. ఎనభై రెండేళ్ళ చైనా మనిషి. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి వెనకాల, ఆరేళ్ళ చెల్లెలి చెయ్యి పట్టుకుని ఓడ దిగి కలకత్తాలో కాలు పెట్టింది. పద్దెనిమిదేళ్ళకు, పళ్ళు కట్టే మనిషికి పెళ్ళామై కోలార్ గోల్డ్‌ఫీల్డ్స్‌కు వచ్చింది. అప్పుడు గనుల్లో దొరలుండేవాళ్ళు, వేలమంది కూలీలుండేవాళ్ళు. అందరికీ నోట్లో పళ్ళుండేవి, అందరికీ అవి ఊడేవి. తాత చేతినిండా పని. గనులు మూతపడ్డాక దొరలు లేరు, కూలీలు లేరు. తాత పోయాడు, ఆ పనే చేసిన కొడుకు జెరాల్డ్, ఆస్టిన్ నాయన, కూడా పోయాడు. వీధివైపు అంగడి గదిలో గాజు అలమారు మాత్రం మిగిలింది. దాంట్లో సుద్దతో చేసిన దవడలు వరసగా ఉంటాయి. కొలతలిచ్చి, పళ్ళసెట్టు తీసుకుపోవడానికి తిరిగిరాని వాళ్ళవి. పోపో వాటికి ఇప్పటికీ దుమ్ము తుడుస్తుంది.

సుమది బేతమంగళ పక్కన పల్లె. తొమ్మిదో తరగతితో బడి మానిపించారు. మాలూరుకు పోయే బస్సులో ఆస్టిన్ పరిచయమయ్యాడు. చిన్న కళ్ళ క్రిస్టియన్ పిల్లగాణ్ణి చేసుకుంటానంటే ఇంట్లో ఏడాది పాటు గొడవ. చివరికి రిజిస్టర్ ఆఫీసులో చేసుకుంటే, తల్లి తాయమ్మ ఒక్కతే వచ్చి మూలన నిలబడి చూసి పోయింది. ఇప్పుడు బాలింతకు పత్యం వండడంలో, పల్లె నుంచి వచ్చిపోయే ఆ తాయమ్మకూ పోపోకూ పోటీ. వెల్లుల్లి కారం బాగు అని ఈమె, అల్లం వేసి ఉడికించిన నాటుకోడి చారు బాగు అని ఆమె. చల్లనీళ్ళు తాకగూడదు, తలకు గాలి తగలగూడదు అనే దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ఇంకొక దాంట్లో తాయమ్మ పోపో మాటకే ఒప్పుకుంది. నెల నిండిన దినం ఇంటి పెద్దామె బిడ్డ పుట్టువెంట్రుకలు కాస్త కత్తిరించాలి. ఉడికించి ఎర్రరంగు వేసిన గుడ్డును తల మీద దొర్లించాలి. తర్వాత ఒక మోటు పేరు పెట్టి మూడుసార్లు గట్టిగా పిలవాలి. ఆ పేరు విన్న దయ్యానికి ఇదేం బిడ్డ, ఎవరికి కావాలి అనిపించాలంట. పోపో ఇదంతా చెప్పినప్పుడు సుమకు వింత అనిపించలేదు. వాళ్ళ పల్లెలోనూ బిడ్డలు నిలవకపోతే పుట్టినదాన్ని చెత్తతిప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని, తిప్పమ్మ అని పేరు పెడతారు. చైనా ఎంత దూరమో ఆమెకు తెలియదు. అక్కడి అమ్మలకు కూడా ఇదే భయమని మాత్రం తెలిసింది.

"పోయినసారి నెల నిండలేదు," అంది పోపో, సుమకు మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు. "ఈసారి నేనుండాను. నా చేత్తో పిలుస్తాను. అది యాడికీ పోదు."

సుమ ఆ మాటను తాళిబొట్టులా పట్టుకుంది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టింది, డాక్టరమ్మ పెదవి విరిచింది. అయినా ఆదివారం పోపో పిలుస్తుంది. అందాక కాపాడుకుంటే చాలు.

ఇంట్లో ఉన్నది ఒక్కటే మొబైల్. బిడ్డకు ఏమన్నా అయితే అని ఆస్టిన్ దాన్ని సుమ దిండు కింద పెట్టి, తెల్లారక ముందే రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి పోతాడు. ఆ బేస్తవారం పది గంటలప్పుడు అది మోగింది. కలకత్తా నుంచి ఆడబిడ్డ జూలీ. పోపో చెల్లెలే ఆమెను తమ వాళ్ళ పిల్లగాడికి చేసుకుంది.

"సుమా, ఆస్టిన్ ఉండాడా?"

"లేదు వదినా, డ్యూటీకి పోయినాడు. అత్త కూడా బడికి పోయింది."

జూలీ వెనక ఎవరో ఏడుస్తున్నారు.

"చిన్నపోపో పోయింది సుమా. పొద్దున్నే. రెండు దినాలుగా ఆయాసం. మీకు చెప్దామంటే, అక్క భయపడతాది వద్దు అనింది."

సుమ కళ్ళు బిడ్డ మీదికి పోయాయి.

"విను. ఆదివారం పదకొండు గంటలకు మట్టి. ఆ టైము పోపోకు ఖచ్చితంగా చెప్పాల. వాళ్ళిద్దరికీ ఒక మాట ఉండాది. ముందు ఎవరు పోయినా, మట్టి చేసే టైముకు రెండో ఆమె యాడున్నా సరే, చిన్నప్పటి పేరు పెట్టి మూడుసార్లు పిలవాల. అప్పుడే దోవ తప్పకుండా పోతారంట. నిన్నంతా చిన్నపోపో అదే అడిగింది. అక్క పిలుస్తాది కదా, మరిచిపోదు కదా అని."

"ఊఁ."

"నువ్వు చెప్పద్దు, బాలింతరాలివి. అమ్మకు చెప్పు, అమ్మ మెల్లగా చెప్తాది. నాకు మళ్ళీ ఫోన్ చేసే తీరిక ఉండదు, ఇల్లంతా జనం. చెప్తావు కదా?"

"చెప్తాను వదినా."

ఫోన్ పెట్టేసరికి పెరట్లో నుంచి పోపో గొంతు. "ఎవరు మే?"

తాయమ్మ పంపిన అరవై నాటుగుడ్లను పోపో నీళ్ళలో వేసి, తేలినవి పక్కకు తీస్తోంది. పొట్టి మనిషి, ముక్కాలిపీట మీద కూర్చుంటే ఇంకా పొట్టి. సుమ గడప దగ్గర నిలబడి ఆ చేతుల్ని చూసింది. ముడతలు పడ్డ ఆ చేతులకు ఇప్పుడు ఒక్క మాట తగిలితే చాలు, మైల. తోడబుట్టినవాళ్ళు పోతే వాళ్ళలో వంద దినాలు పసిబిడ్డను తాకరు, మొహమైనా చూడరు. సుమకు ఆ సంగతి పోపోనే చెప్పింది.

"రాంగ్ నంబరు, పోపో," అంది సుమ.

ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

తర్వాత దానికి కారణాలు వెతుక్కుంది. మూడు దినాలే కదా. చనిపోయినామె ఎట్లాగూ తిరిగిరాదు. పోపో ఈ వయసులో కలకత్తాకు పోలేదు. ఆదివారం మధ్యాహ్నం చెప్పేస్తే సరిపోతుంది. అయితే పదకొండు గంటల సంగతి వచ్చేసరికి ఏ కారణమూ నిలబడలేదు. ఎర్రగుడ్ల పండగా ఆదివారం పదకొండుకే. పోపో తన పాత క్యాలెండరు చూసి పెట్టిన ముహూర్తం అది.

సాయంత్రం ఆస్టిన్ వచ్చి కాళ్ళు కడుక్కుని బిడ్డను ఎత్తుకున్నాడు. "ఏమమ్మా, ఈ దినం మీ అమ్మ ఎన్నిసార్లు ముక్కు పట్టుకునింది?"

"జూలీ వదిన..." అని సుమ మొదలుపెట్టింది.

"జూలీ ఫోన్ చేసిందా?"

"లేదు. ఆదివారానికి ఆమె ఉంటే బాగుండు అని."

శుక్రవారం ఆమె మొబైల్‌ను సైలెంట్‌లో పెట్టి బియ్యం డబ్బాలో దాచింది. దాచినాక గంటకు రెండుసార్లు మూత తీసి చూసింది. వీధిలో పోస్టుమాన్ సైకిల్ గంట వినిపిస్తే పాలిస్తున్న బిడ్డను అట్లాగే పట్టుకుని వాకిలికి వచ్చింది. టెలిగ్రామ్ ఇంకా వస్తుందో లేదో కూడా ఆమెకు తెలియదు. చర్చి నుంచి వచ్చిన షర్మిల ఆంటీ, పోపోను "కలకత్తాలో అందరూ బాగుండారా?" అని ఊరికే అడిగితే, సుమ చేతిలోని గ్లాసు జారి కాఫీ అంతా చాప మీద పోయింది.

"ఈ పిల్లకు నరాలు వీకు," అంది ఆలిస్. "బిడ్డకు గాదు, దీనికి పెట్టాల మోటు పేరు."

శనివారం పొద్దున గుడ్లు ఉడికాయి. అంగట్లో రంగుపొడి దొరుకుతుందన్నా పోపో వినలేదు. తాత కాలం నాటి ఎర్రకాగితం చుట్ట పెట్టెలో దాచి ఉంది. దాన్ని ముక్కలు చేసి వేడినీళ్ళలో నానబెట్టింది. నీళ్ళు రక్తంలా అయ్యాయి. ఒక్కో గుడ్డును చెంచాతో ముంచి, తీసి, చాటలో గుడ్డ మీద పెడుతూ వచ్చింది. మొదటి రెండిటినీ మాత్రం వేరే గిన్నెలో పెట్టింది.

"ఇది నాది. ఇది దానిది."

ప్రతి పండక్కీ అంతే. చెల్లెలి వంతు ఇక్కడ పోపో తింటుంది. అక్క వంతు అక్కడ చెల్లెలు తింటుంది. అరవై రెండులో చైనాతో యుద్ధమొచ్చినప్పుడు మొదలైందంట. చైనావాళ్ళు ఊరు దాటాలంటే పోలీసుస్టేషన్‌లో చీటీ రాయించుకోవాలన్న ఆ ఏళ్ళలో అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకోలేదు, ఉత్తరాలు కూడా సగమే చేరేవి. ఆ గుడ్డు మాత్రం ఎవరూ ఆపలేదు.

"దానికి ఫోన్ చేసి చెప్పు మే. రేపు పదకొండుకు గుడ్డు తినమను. మరిచిపోతాది."

పోపోకు చెవులు కాస్త మందం, ఫోన్‌లో మాట అసలు వినపడదు. ఫోన్ అంటే ఎప్పుడూ ఇంకొకరు మాట్లాడి ఆమెకు చెప్పవలసిందే. సుమ బియ్యం డబ్బాలోంచి మొబైల్ తీసుకుంది. సిగ్నల్ కోసమన్నట్టు పెరటి గోడ దాకా పోయింది. ఫోన్ చెవికి పెట్టుకుంది. అవతల ఏమీ లేదు. గోడ మీదుగా చూస్తే సైనైడ్ దిబ్బలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. గనులు తోడి పోసిన మట్టి. గాలి లేస్తే ఊరంతా కమ్ముకునే మట్టి. ఆమె పెదాలు కదిలించింది, తలూపింది, వెనక్కి వచ్చింది.

"ఏమనింది?"

"సంతోషమనింది, పోపో."

"ఇంగ?"

"గుడ్డు తింటాననింది."

"దగ్గుతా ఉండాదా?"

"లేదు. బాగుండాది. గొంతు బాగుండాది." సుమకు తన నాలుక తనది కానట్టు అనిపించింది. "నిన్ను ఆరోగ్యం చూసుకోమనింది."

పోపో చెంచా పక్కన పెట్టి, ఎర్రబడ్డ వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. సెట్టుపళ్ళు పెట్టుకోలేదు, నోరంతా నవ్వే.

"మూడు దినాలుగా కలలో వస్తా ఉండాది మే. ఓడ మెట్ల కాడ నిలబడుకోని, దిగమంటే దిగదు. ఆరేళ్ళ పిల్ల మాదిరే ఉండాది. ఎవరికీ చెప్పలేదు నేను. ఏమన్నా అయిందేమో అనుకుంటా ఉంటి." ఆమె మళ్ళీ చెంచా తీసుకుంది. "దాన్ని గౌవా అంటాము. కుక్కపిల్ల అని. మా అమ్మ పెట్టింది. మూడు బిడ్డలు పోయినాక పుట్టిందని. చూసినావా, కుక్కపిల్ల, డెబ్భై తొమ్మిదేళ్ళు బతకతా ఉండాది."

ఆ మధ్యాహ్నం పోపో రెండు ముద్దలు ఎక్కువ తినింది. ఆలిస్ ఆశ్చర్యపోయింది. సుమకు మెతుకు దిగలేదు.

అబద్ధం చెప్పడం వేరు. చచ్చిన మనిషి నోట్లో మాట పెట్టడం వేరు. గొంతు బాగుందన్నది తాను. ఏ గొంతు? అక్కడ మంచుగడ్డల మధ్య పడుకున్నామె, అక్క పిలుస్తుందా అని అడిగి అడిగి పోయినామె, ఇక్కడ ఈ ఇంట్లో గుడ్డు తింటానన్నదంట. ఆ మాట విని ఆమె నిజంగానే వస్తే? దోవ తెలియక, పిలిచేవాళ్ళు లేక, మాట వచ్చిన ఇంటికే వస్తే? ఆ ఇంట్లో ఇంకా పేరు లేని బిడ్డ ఉంది.

సాయంత్రం బిడ్డ పాలు సరిగా తాగలేదు. రెండు గుక్కలు తాగి తల తిప్పేసింది. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుంది. సుమ తన చెంప ఆనించి చూసింది, పెదవులు ఆనించి చూసింది, ఆస్టిన్‌ను పిలిచి చూడమంది.

"బాగుండాది కదే. ఎండాకాలం, వెచ్చగా ఉండక ఏమి?"

"తాగలేదు."

"ఆకలయితే తాగుతాది." అతను ఆమె మొహంలోకి చూశాడు. "రేపటితో నెల నిండుతాది. ఇంగ భయం లేదులే."

భయం లేకుండా చేయాలనే కదా ఇదంతా, అనుకుంది సుమ. ఏ భయం పోవాలని నోరు మూసుకుందో, ఆ భయమే ఇప్పుడు నెత్తి మీదికి ఎక్కి కూర్చుంది.

ఆదివారం తెల్లారి ఆరు గంటలకు పోపో కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. ఆలిస్, ఆస్టిన్ తొలి ఆరాధనకు చర్చికి బయల్దేరుతున్నారు. గిన్నెలో ఆ రెండు గుడ్లు. పోపో కొత్త గౌను వేసుకుంది. మాటల్లేని ఏదో పాట పాడుతోంది. బిడ్డ రాత్రి తాగింది, ఒళ్ళు చల్లబడింది, ఇప్పుడు కాళ్ళు తన్నుతోంది. ఇంకో అయిదు గంటలు నోరు మూసుకుంటే అయిపోతుంది.

సుమ వేడినీళ్ళ చెంబు కింద పెట్టింది.

"పోపో. చిన్నపోపో పోయింది."

పాట ఆగింది. ఆమెకు వినపడలేదేమోనని సుమ దగ్గరికి వంగి, మళ్ళీ గట్టిగా చెప్పింది. "బేస్తవారం పోయింది. ఈ దినం పదకొండుకు మట్టి. నిన్న నేను ఫోన్‌లో ఎవరితోనూ మాట్లాడలేదు. అంతా నేనే చెప్పినాను."

పోపో రెండు చేతులూ బిడ్డ మీద నుంచి పైకి లేచి గాల్లో నిలిచిపోయాయి, నిప్పు తగిలినట్టు.

"బిడ్డను తీసుకో," అంది.

"పోపో..."

"తీసుకో మే. తొందరగా. కన్నీళ్ళు దాని మీద పడగూడదు."

సుమ బిడ్డను లాక్కుంది. పోపో మొహం పక్కకు తిప్పుకుని, గోడ పట్టుకుని లేచింది. నూనె చేతుల ముద్రలు గోడ మీద పడ్డాయి. వెనక్కి చూడకుండా అంగడి గదిలోకి పోయి, రెండు గదుల మధ్య పూలకర్టెన్ లాగేసింది.

ఆలిస్ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. సంగతి తెలిసేసరికి ఆమె నోట్లో ఎకసెక్కం అంతా ఎండిపోయింది.

"మూడు దినాలు దాచినావా? ఆయమ్మకు లోకంలో ఉండేది ఆ ఒక్క చెల్లెలు. మాకైనా చెప్పద్దా? ఏం మనిషివే నువ్వు?"

ఆస్టిన్ సుమ వైపు చూడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఆలిస్," అని కర్టెన్ వెనక నుంచి పోపో. గొంతు మామూలుగానే ఉంది. "అరవద్దు. ఈ దినం ఆ పిల్లను అరిస్తే పాలు విరిగిపోతాయి. సుమా."

"ఆఁ పోపో."

"బేస్తవారమా?"

"బేస్తవారం పొద్దున."

"శుక్రవారం, శనివారం." ఒక్కొక్క దినమూ ఆమె పేరు పెట్టి పలికింది. "మూడు దినాలు దానికి నేను ఏడవలేదు. నవ్వతా గుడ్లకు రంగేసినాను."

సుమ కర్టెన్ ముందు నేల మీద కూర్చుండిపోయింది. "ఈ బిడ్డ నిలవాలని," అంది చివరికి. "నీ చేత్తో పిలుస్తావని."

అవతల అలమారు అద్దం మీద గోరు తగిలినట్టు ఒక్క చిన్న శబ్దం.

"నేనైనా అదే చేసుంటానేమో," అంది పోపో. "నా బిడ్డలు చిన్నగా ఉన్నప్పుడు అయితే చేసుంటా. అయినా మూడు దినాలు సుమా."

సుమ బిడ్డను ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

పది గంటలకు ఆమె తెల్లఉన్ని దారం అడిగింది. ఆలిస్ తన అల్లిక సంచీలో వెతికి, చిన్నముక్క కత్తిరించి కర్టెన్ కింద నుంచి అందించింది. చావింట్లో ఆడవాళ్ళు తలలో పెట్టుకునేది అది. పోపో కొత్త గౌను విప్పి పాతది వేసుకుంది. వీధి తలుపు తెరిపించి, తాత పళ్ళు పీకే ఇనుపకుర్చీని తూర్పుకు తిప్పించి దాంట్లో కూర్చుంది. ఆ కుర్చీ ఎంత నూనె పోసినా కిర్రుమంటుంది.

"ఇంగ లేచి స్నానం చెయ్ మే," అంది అక్కడి నుంచి. "టైమవుతాది."

"ఎవరు చేస్తారు పోపో? అత్తా?"

"ఆలిస్‌ది చావుదారం కత్తిరించిన చెయ్యి, పనికిరాదు. నువ్వే."

"నాకు రాదు."

"నేను చెప్తా ఉంటా. నీ చెవులు బాగుండాయి కదా."

సుమ స్నానం చేసి వచ్చింది. ఆస్టిన్ చాప పరిచాడు, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల ఎత్తి పట్టుకున్నాడు. ఆలిస్ చాటను దగ్గరికి జరిపింది. కర్టెన్ అవతల నుంచి ఒక్కో మాట వస్తోంది. కుడిచెవి మీద నుంచి ఒక కుచ్చు. నొసటి మీద ఒకటి. అంతా తీయద్దు, నడినెత్తి వదిలేయ్. వెంట్రుకలు కింద పడగూడదు, ఎర్రకాగితంలో పెట్టు. కత్తెర బిడ్డ చర్మానికి తగలకుండా సుమ ఊపిరి బిగబట్టి కత్తిరించింది. ఎర్రగుడ్డు తీసుకుని ఆ చిన్న తల మీద దొర్లించింది. గుడ్డు ఇంకా కొంచెం రంగు వదులుతూ ఉంది. బిడ్డ నొసట సన్నటి ఎర్రగీత పడింది.

"పేరు?" అంది పోపో.

సుమ మూడు దినాలుగా ఆ సంగతే మరిచిపోయింది. "నువ్వు అనుకున్నది ఏముండాదో అదే పోపో. లేకపోతే చిన్నపోపో పేరు..."

"వద్దు." గొంతు గట్టిగా వచ్చింది. "పెద్దోళ్ళ పేరు బిడ్డకు పెట్టము. అది దాని పేరు, దాంతో పోనీ. మీ పల్లెలో ఏమంటారు, చెత్త మీద పడుకోబెట్టి?"

"తిప్పమ్మ."

"అది పెట్టు. మోటుగా ఉండాది."

గోడగడియారం పదకొండుకు దగ్గరైంది. అది అయిదు నిముషాలు ముందు పోతుందని ఆస్టిన్ అన్నాడు. జూలీ చెప్పిన టైము సరైనదేనా, అక్కడి గడియారం ఎట్లా ఉందో, అక్కడ ఇప్పటికే మట్టి వేసేశారేమో అని సుమ గడియారాన్నే చూస్తూ ఉంది. ఆస్టిన్ మొబైల్ తీసి జూలీకి చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తింది.

"దింపతా ఉండారు," అన్నాడు ఆస్టిన్. "పోపో, దింపతా ఉండారు."

ఇనుపకుర్చీ కిర్రుమంది. వీధి వైపు నుంచి దిబ్బల మీది గాలి వచ్చి కర్టెన్‌ను లోపలికి ఎత్తింది. పోపో నిలబడి ఉంది. సుమకు ఆమె వీపు, తెల్లజుట్టులో తెల్లదారం మాత్రం కనపడ్డాయి. తర్వాత కర్టెన్ పడిపోయింది.

"గౌవా," అని పిలిచింది పోపో.

ఎనభై రెండేళ్ళ మనిషి గొంతు కాదు అది. ఓడ మెట్ల మీద తప్పిపోతున్న చెల్లెల్ని పిలిచే గొంతు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగినట్టున్నారు.

"పిలువు మే," అంది మళ్ళీ, ఇటువైపు తిరక్కుండానే. "నువ్వూ పిలువు."

"తిప్పమ్మా," అంది సుమ. నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది.

"గట్టిగా. నేను పొమ్మని పిలుస్తా ఉండాను. నువ్వు ఉండమని పిలవాల. నాకంటే గట్టిగా పిలువు."

"గౌవా."

"తిప్పమ్మా!"

"గౌవా." మూడోది సగంలో విరిగింది. పోపో దగ్గింది, ఊపిరి పీల్చుకుంది, విరిగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టి మొత్తం పలికింది.

"తిప్పమ్మా," అని సుమ బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

ఆస్టిన్ చెవి దగ్గర ఫోన్ అట్లాగే ఉంది. అవతల ఎవరో ఏడుస్తున్న చప్పుడు సన్నగా వినపడుతోంది.

"పలికిందా?" అని అడిగింది పోపో.

బిడ్డ కళ్ళు చికిలించి చూసి, మొహమంతా ముడుచుకుని తుమ్మింది.

"తుమ్మింది, పోపో."

"చాలు."

కాసేపటికి పోపో ఆ రెండు గుడ్లు అడిగింది. సుమ గిన్నె తీసుకుపోబోతే ఆగమంది. "ఎర్రది నాకు ఇప్పుడు పనికిరాదు. ఒలిచి ఇయ్యి." సుమ రెండు గుడ్లనూ ఒలిచింది. ఎర్రపెంకులు ఒళ్ళో పడ్డాయి. తెల్లటి గుడ్లను గిన్నెలో పెట్టి, కర్టెన్ కింద నేల మీద ఉంచి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె వేళ్ళు పూర్తిగా వెనక్కి వచ్చేదాకా అవతలి చెయ్యి ముందుకు రాలేదు.

సుమ ఒళ్ళోని ఎర్రపెంకుల వైపు చూసి, ఎన్ని దినాలు అని అడగబోయి ఆగిపోయింది. వంద అని ఆమెకు తెలుసు. ఈ ముప్పై దినాలూ ఎట్లా లెక్కపెట్టిందో కూడా తెలుసు. ఇక బిడ్డ ఊపిరితో పాటు, అంగడి గదిలోని ఆ దగ్గునూ లెక్కపెట్టాలి. పోపో చేత్తో నూనె రాయించుకోవడానికి తిప్పమ్మకు అయిదో నెల నడవాలి, పోపోకు ఆ వంద నిండాలి.

తిప్పమ్మకు ఆకలైంది. మొదట మూలిగింది, తర్వాత గొంతెత్తి ఏడ్చింది.

కర్టెన్ అవతల ఇనుపకుర్చీ కిర్రుమంది. ఆమె లేవబోయినట్టుంది. కాసేపటికి మళ్ళీ కిర్రుమంది. కూర్చున్నట్టుంది.